తవుడుకి కొన్న రూతు

మా చెల్లికి పోయిన వారం కూతురు పుట్టింది. పలాస ఆస్పత్రి నుంచి తల్లీపిల్లా ఇంటికి వచ్చిన మర్నాడే పేరు కోసం వేట మొదలైంది. మా పిన్ని కూతురు, ఇంజనీరింగు చదువుతున్న పిల్ల, మంచం పట్టె మీద కూర్చుని ఫోన్లో పేర్లు చదువుతుంటే మా మరిది ఒక్కో పేరుకీ తల అడ్డంగా ఊపుతున్నాడు. ఒకటి మరీ పొడుగట, ఇంకొకటి వాళ్ల ఆఫీసులో ఇద్దరికి ఉందట. అమ్మ వంటింట్లో బాలింతకి కాయం నూరుతోంది. ఆ ఘాటూ, గదిలో వేసిన సాంబ్రాణి పొగా కలిసి ఇల్లంతా పురిటి వాసన.

చదువుతూ చదువుతూ ఆ పిల్ల ఒక్కసారి అరిచింది. "ఓలప్పా, నీ పేరు కూడా ఉంది ఇందల!"

అప్ప అంటే మా వైపు అక్క. చెల్లి తలగడ మీంచి లేచి కూర్చుంది.

"రూత్. హీబ్రూ పేరు. స్నేహితురాలు అని అర్థం అంటారు గాని పండితులకే ఖాయంగా తెలీదట. ఒకప్పుడు చాలా దేశాల్లో ఇంటికొకరు ఉండేవారట. ఇప్పుడు బాగా తగ్గిపోనాదట. పాతకాలం పేరని రాశారు."

"అయితే మీ అప్పది ముసిలోళ్ల పేరన్నమాట" అని మా మరిది నవ్వాడు. చెల్లి కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఏయే దేశాల్లో ఎలా పుట్టిందో, ఎలా పెరిగిందో చెప్పిన ఆ ఫోనుకి, ఉద్దానంలో మా ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో తెలీదు. నాకు తెలుసు. తెలియడం కాదు, అది రావడానికి కారణం నేనే. ఇన్నేళ్లూ తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను గాని, నిన్న సాంబ్రాణి వాసనకి మొత్తం బయటికి వచ్చేసింది.

నాకప్పుడు ఏడో ఎనిమిదో. మా ఊళ్లో దారులన్నీ ఇసుకే. చెప్పులు వేసుకున్నా ఒకటే, వేసుకోకపోయినా ఒకటే. కొబ్బరి, పనస, జీడి, వాటి మధ్య మొగలి కంచెలు. ఆ కంచెల్లో పాములుంటాయని పెద్దవాళ్లు చెప్పేవారు, ఉన్నా లేకపోయినా మమ్మల్ని పక్కవాళ్ల తోటల్లోకి పోకుండా ఆపడానికి. నాన్న పిక్కలు అమ్మడానికి పలాస వెళ్లి వస్తే, ఆయన చొక్కాకి జీడిపిక్కలు కాల్చిన పొగ వాసన పట్టేసేది. బారువ నుంచి ఎండు చేపల గంపలతో ఆడవాళ్లు వచ్చేవారు. వాళ్లు వీధి మొదట్లో ఉన్నారంటే ఇంట్లో పడుకున్న మాకు ముక్కే చెప్పేది. నాన్నమ్మ గంపలోకి వంగి రెండు నెత్తళ్లు వాసన చూసి, "ఇవి పోయిన ఏడాదివి గాదేటి?" అని మొదలెట్టేది. గంట బేరం. చివరికి ఆ గంపావిడ మా అరుగు మీదే చద్దన్నం తిని, నాన్నమ్మకి తన ఇంటి కష్టాలన్నీ చెప్పి వెళ్లేది.

ఇంట్లో మాత్రం ఒక మాట ఎత్తడానికి అందరికీ భయం. నా తర్వాత అమ్మకి ఇద్దరు పుట్టి పోయారు. తమ్ముడు తొమ్మిది రోజులున్నాడు. ఆ తర్వాత పిల్ల నెల దాటలేదు. మళ్లీ అమ్మ కడుపుతో ఉన్నన్నాళ్లూ ఇంట్లో ఎవరూ గట్టిగా నవ్వలేదు. ఉయ్యాల అటక మీంచి దించలేదు. ఆడపిల్ల పుట్టింది. ఎంత చిన్నదంటే, నాన్న పాత పంచె ముక్కలో చుడితే పంచే కనపడేది గాని పిల్ల కనపడేది కాదు.

మా వైపు ఇలాంటి ఇళ్లకి ఒక ఉపాయం ఉంది. పుట్టిన పిల్లని చేటలో పెట్టి, మాకు అక్కర్లేదన్నట్టు పెంటకుప్ప మీద వదిలేస్తారు. పిల్లలు నిలిచిన ఇల్లాలు ఎవరైనా వచ్చి, ఎవరో పారేశారని ఎత్తుకుపోతుంది. ఆ తర్వాత కన్నతల్లి ఆమెకి తవుడో నూకలో ఇచ్చి, పరాయి పిల్లని కొనుక్కున్నట్టు కొనుక్కుంటుంది. పిల్లల్ని పట్టుకుపోయే ఆ పాడు కన్ను ఎవరిదో గాని, దాన్ని బురిడీ కొట్టించడమన్నమాట. పారేసిన పిల్ల మీద దానికి మాత్రం ఆశెందుకని. మా ఊళ్లో తవుడు మీద, నూకల మీద, పెంట మీద పేర్లున్న పెద్దలందరూ అలా బతికి బట్టకట్టినవాళ్లే. నాన్నమ్మ పేరు తవుడు మీదదే.

దీనికి నియమం ఒకటే. ఒకసారి వదిలేశాక, తిరిగి కొనేదాకా ఆ పిల్ల మాది అని ఇంటివాళ్లెవరూ నోటితో అనకూడదు. అంటే ఆ కన్ను వినేస్తుంది.

పదకొండో రోజు పొద్దున్న ముహూర్తం పెట్టింది నాన్నమ్మ. ఎత్తుకోవడానికి అవతలింటి పెద్దమ్మని మాట్లాడి ఉంచింది. ఆవిడకి ఎనిమిదిమంది పిల్లలు, ఎనిమిదిమందీ గుండ్రాళ్లలా ఉండేవారు. మగవాళ్లకి ఇలాంటివి చెప్పరు కాబట్టి నాన్నని ఏదో పని మీద టెక్కలి పంపేశారు. పెరట్లో పెంటకుప్ప మీద కొత్త గడ్డి పరిచి, వేపమండలు వేసి, చేటలో పిల్లని పెట్టారు. కాపలా నాకు అప్పజెప్పారు.

"కుక్క వత్తాది, కాకి వత్తాది, సూసుకో" అంది నాన్నమ్మ. "పెద్దమ్మ వచ్చీదాకా కదలకు. నువ్వు మాత్రం ముట్టుకోకు. ముట్టుకుంటే మనదైపోద్ది."

అమ్మని లోపలికి తీసుకుపోయి తలుపు వేసేశారు. నేను కర్ర పట్టుకుని నిలబడ్డాను. ఎండ ఎక్కుతోంది. పెద్దమ్మ రాలేదు. సరిగ్గా ఆరోజే వాళ్ల గేదె పలుపు తెంచుకుని కాలవ గట్టు పట్టిందని, ఆవిడ దాని వెనకాల పరిగెడుతోందని తర్వాత తెలిసింది. పిల్ల నిద్రపోతోంది. కుక్కల్లేవు, కాకుల్లేవు. పక్క తోటలో ధప్పుమని ఒక జీడిపండు రాలింది. తర్వాత ఇంకొకటి.

జీడిపండు సంగతి తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కొరికితే గొంతు పట్టేస్తుంది, అయినా మానలేం. గౌను మడతలో ఎప్పుడూ చిన్న పొట్లంలో ఉప్పూ కారం ఉండేవి నాకు. కంచె కంత లోంచి చేట కనిపిస్తూనే ఉంటుంది కదా అనుకున్నాను. ఒక పండు ఏరాను. దాని పక్కనే ఎర్రది ఇంకోటి. ఆ తర్వాతది చెట్టు అవతల. మూడో పండు రసం మోచేతి దాకా కారుతుండగా వెనక్కి చూస్తే చేట ఖాళీగా ఉంది.

కంచె దూరి వచ్చేసరికి మా గుమ్మం ముందు సిస్టరమ్మ నిలబడి ఉంది. చేతుల్లో మా పిల్ల.

టీకాలు వేసే సిస్టరమ్మ మా ఊరికి కొత్త. టెక్కలి మనిషి, నలభై ఏళ్లుంటాయేమో, పిల్లాజెల్లా లేరు. ఊరి చివర అద్దెకి తీసుకున్న పెంకుటిల్లే సబ్‌సెంటరు. బుధవారం బుధవారం భుజాన ఐసు డబ్బా వేసుకుని ఇల్లిల్లూ తిరిగేది. ఆవిడ వీధిలోకి వస్తే తలుపులు మూసుకునేవి. సూదులమ్మ అనడమే గాని ఆవిడ పేరేమిటో ఎవరూ అడగలేదు. "పచ్చి పిల్లకి సూది గుచ్చితే జొరం రాదేటి?" అని అందరికంటే ముందు తలుపు మూసేది మా నాన్నమ్మే. ముందు తలుపులు మూసుకుంటున్నారని ఆరోజు ఆవిడ తెలివిగా పెరటి దారిన వచ్చింది.

"ఎవరిదమ్మా ఈ పిల్ల?" అని అడిగింది.

నాన్నమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"పెంట మీద పడేసి ఉంది. పక్కన కాపలాకి కుక్క కూడా లేదు. ఈ ఇంట్లో పురుడొచ్చిందని నా రిజిస్టర్లో ఉంది. మీ పిల్లేనా కాదా?"

నాన్నమ్మ గుమ్మంలో నిలబడి, పిల్ల వైపు చూడకుండా ద్వారబంధం వైపు చూస్తూ అంది. "మాది కాదమ్మా."

"లోపల ఉన్న తల్లిని పిలవండి. ఆవిడ చెప్పాలి."

అమ్మ వచ్చింది. నేను అరుగు పక్కనే ఉన్నాను, అమ్మ మొహం నాకు బాగా కనిపించింది. పిల్లని చూసింది. నాన్నమ్మని చూసింది. పెదాలు కదిలాయి గాని మాట రాలేదు. మాది అంటే పిల్ల పోతుందని భయం, కాదనడానికి నోరు రావడం లేదు. తలుపు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"బాగుంది" అంది సిస్టరమ్మ. "ఆడపిల్లని పారేసి కాదంటున్నారా? మీది కానప్పుడు మీ పర్మిషను నాకెందుకు?" అని పిల్లని గుండెకి హత్తుకుని వీధిన పడి వెళ్లిపోయింది.

అదే సమయానికి పెద్దమ్మ రొప్పుతూ, మోకాళ్ల దాకా బురదతో పెరట్లోకి వచ్చింది. ఖాళీ చేట చూసి నెత్తి కొట్టుకుంది. "ఓలమ్మో, నానెత్తుకోవాల్సిన గుంటని ఇంకెవులో ఎత్తుకుపోనారే!"

అందరూ నా వైపు తిరిగారు. నేను చేతులు వెనక్కి పెట్టుకుని, "సిస్టరమ్మ లాక్కుంది, నేను వద్దన్నాను" అని చెప్పేశాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పెద్దమ్మ సిస్టరమ్మ మీదకి యుద్ధానికి బయల్దేరబోయింది. నాన్నమ్మే ఆపింది. "ఎవులు ముందు ఎత్తితే వోలదే పిల్ల. నాయం నాయమే. ఆ తల్లి దగ్గరే కొనుక్కోవాల" అని బుట్టలో తవుడు పోసి, పైన పసుపు కొమ్ము పెట్టి బయల్దేరింది. వెనకాల అమ్మ, పెద్దమ్మ, ఆ వెనకాల వీధి ఆడవాళ్లంతా. చివర నేను.

మేం వెళ్లేసరికి సిస్టరమ్మ పిల్లని గుడ్డ ఉయ్యాలలో వేసి, దూలానికి వేలాడే కాటా కొక్కేనికి తగిలించి తూస్తోంది. చేపలు తూసే కాటాలాగే ఉంది. "రెండు కేజీలు కూడా లేదు" అంది మా వైపు చూడకుండా. "ఇలాంటి దాన్నా ఎండలో పడేశారు?"

నాన్నమ్మ అప్పుడు అంతా విప్పి చెప్పింది. పోయిన ఇద్దరి సంగతీ చెప్పింది. సిస్టరమ్మ వింటూ వింటూ కుర్చీలో కూర్చుంది. కోపం తగ్గింది గాని ఒప్పుకోలేదు.

"అమ్మడాలూ కొనడాలూ మేం నమ్మం మామ్మా. తవుడు నాకెందుకు? నాకు ఆవుందా, గేదుందా? పిల్లని తీసుకెళ్లి పాలివ్వండి" అని పిల్లని ముందుకి చాపింది.

నాన్నమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "ఊరికే ఇత్తే పుచ్చుకోం తల్లీ. అచ్చిరాదు."

"తీసుకోండి."

"కొనకుండా ముట్టం."

పిల్ల లేచి ఏడుపు అందుకుంది. పిల్లి కూన గొంతు అంత ఉంది ఏడుపు. గుమ్మంలో నిలబడ్డ అమ్మ రవిక పాలతో తడిసిపోయింది. చెయ్యి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. అడుగు మాత్రం లోపలికి వేయలేదు. కిటికీ ఊచల్లోంచి చూస్తున్న నాకు ఏడుపొచ్చేసింది. మూడు జీడిపళ్ల కోసం నేను చేసిన పని ఇది. ఈ పిల్ల కూడా పోతే నా వల్లే పోతుంది.

సిస్టరమ్మ అమ్మనే చూస్తోంది. కాసేపటికి పిల్లని మళ్లీ ఒళ్లో పెట్టుకుంది.

"సరే. దొరికింది నాకు. కాబట్టి ధర నేను చెప్తాను. అంతేనా?"

"అంతే తల్లీ. నాయం."

"తవుడొక్కటే చాలదు. ఇవాళే ఒక సూది వేస్తాను. ఆ తర్వాత ప్రతి నెలా బుధవారం ఇక్కడికి తెచ్చి బరువు చూపించాలి. నేను చెప్పిన సూదులన్నీ వేయించాలి. తొమ్మిది నెలలు నిండి తట్టు సూది పడేదాకా. తల్లి దీన్ని గుండెలకి ఆనించుకునే పడుకోవాలి. నోట్లో ఆముదం పొయ్యకూడదు. ఒక్కటి తప్పినా పిల్ల నాదే."

ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. నాన్నమ్మ నెత్తళ్ల బేరానికి దిగినట్టే దిగింది. "ఇంత ధరేటమ్మా? ఒక రెండు సూదులు తగ్గించు."

"ఒక్కటీ తగ్గదు."

"పోనీ ఆముదం? రెండు సుక్కలు?"

"ఒక్క చుక్కా లేదు."

నాన్నమ్మ వెనక్కి తిరిగి అందరి మొహాలూ చూసింది. జీవితంలో ఎన్నో బేరాలు గెలిచిన మనిషి, ఆరోజు ఓడిపోయింది. "అలాగే తల్లీ. మాట" అని బుట్ట ముందు పెట్టింది. సిస్టరమ్మ ఆముదం తాగిన మొహం పెట్టి గుప్పెడు తవుడు తీసుకుంది. "అమ్మేశాను" అంది. అమ్మ ఆ మాట పూర్తికానివ్వలేదు, పిల్లని లాక్కుంది.

సూది పడింది. పిల్ల కెవ్వుమంది. నాన్నమ్మ కళ్లు మూసుకుంది. తెరిచాక అడిగింది. "పేరేటి తల్లీ నీది?"

"నా పేరెందుకు?"

"కొన్నామా నేదా? అమ్మినోల పేరే పెట్టాల."

"వద్దొద్దు. మీ దేవత పేరు పెట్టుకోండి. నా పేరు రూతు. మావాళ్లు పెట్టుకునే పేరు, మీకెందుకు?"

"అంటే ఏటర్థం?"

"హీబ్రూ అని పాతకాలం భాష. అందులో స్నేహితురాలని అంటారు. పూర్వం ఆ పేరుగలావిడ ఉండేదట. మొగుడు పోయినా అత్తని వదల్లేదట. పరాయి ఊరు పోయి, కోసేసిన చేలల్లో పరిగె ఏరి అత్తకి అన్నం పెట్టిందట."

నాన్నమ్మ మొహం విప్పారింది. పరిగె ఏరడం మా ఊళ్లో ఎవరికి తెలీదు? కోతలయ్యాక రాలిన వెన్నులు ఏరి, ఏరినవాళ్లు సొంతంగా దాచుకునే గింజలవి. నాన్నమ్మ కొత్త కోడలుగా ఉన్నప్పుడు ఏరినావిడే. "అత్తని వదల్లేదా! పరిగేరి పెట్టిందా!" అని అమ్మ వైపు తిరిగి, "వింటన్నావేటే?" అంది. అమ్మ ఎన్నో నెలల తర్వాత నవ్వడం అప్పుడే చూశాను.

పేరు ఖాయమైపోయింది. అది ఏ దేశానిదో, ఏ మతానిదో నాన్నమ్మకి పట్టలేదు. అత్తలకి అంతకంటే మంచి పేరు ఎక్కడ దొరుకుతుంది?

ఆ నెలంతా నాకు నిద్ర సరిగా లేదు. ఎవరూ చూడనప్పుడు పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి గాలి వస్తోందో లేదో చూసేదాన్ని. గౌను ముందు భాగం మీద జీడిపండు మరక పడింది. బూడిదతో తోమాను, నిమ్మచెక్కతో రుద్దాను. జీడి మరక పోతుందా? రుద్దినకొద్దీ నల్లబడింది. ఆ గౌను అమ్మ కంట పడకుండా బియ్యం డబ్బా వెనకాల కుక్కేశాను. తొమ్మిదో రోజు గండం దాటేసింది కదా, ఇక నెల గండం అని పెద్దవాళ్లు అంటుంటే రోజులు లెక్కపెట్టుకున్నాను. ఒక రూతు కోసం నేను మొక్కని దేవత మా ఊరి పొలిమేరల్లో లేదు.

నెల దాటింది. నాన్నమ్మ కొబ్బరికాయ కొట్టి, చెప్పిన మాట ప్రకారం బుధవారం పిల్లని ఎత్తుకుని బయల్దేరింది. సూది వేసిన భుజం పుండైతే ఇరుగుపొరుగు ఆడవాళ్లు దెప్పారు. నాన్నమ్మ కూడా లోపల హడలిపోయింది. అయినా, "ధర ఒప్పుకున్నాను. మాట తప్పితే పిల్ల ఆ తల్లిదైపోద్ది" అని ఒక్క బుధవారం మానలేదు. వానలో తాటాకు గొడుగు వేసుకుని కూడా వెళ్లింది. కాటాలో ముల్లు కాస్త కిందికి దిగితే ఊళ్లో అందరికీ చెప్పుకునేది.

తట్టు సూది పడేనాటికి మా రూతు పాకుతూ పెంటకుప్ప దాకా పోయేది. ఈ వింత ఆ నోటా ఈ నోటా పాకింది. బారువ గంపలావిడ మా అరుగు మీద చద్దన్నం తింటూ విని, సముద్రం ఒడ్డు ఊళ్లకి మోసుకుపోయింది. తర్వాతి ఏడు ఆ గంపావిడే తన కోడల్ని, పొత్తిళ్లలో పిల్లని, ఇంత తవుడుని వెంటబెట్టుకుని సబ్‌సెంటరు ముందు దిగింది. "తల్లీ, దీన్ని కూడా నువ్వే ఎత్తుకుని మాకు అమ్మాల."

సిస్టరమ్మ మొదట్లో తిట్టింది. తర్వాత తిట్టడం మానేసి ధర చెప్పడం మొదలుపెట్టింది. అందరికీ ఒకటే ధర. బేరం లేదు. పిల్లలు పోయిన ఇళ్లే కాకుండా, పిల్లలున్న ఇళ్లవాళ్లు కూడా ముందుజాగ్రత్తగా తేవడం మొదలెట్టారు. తలుపులు మూసుకున్న ఆడవాళ్లే బుధవారం పొద్దున్న ఆవిడ అరుగు మీద వరస కట్టారు. తవుడు మిగిలిపోతే ఆవిడ మా పెద్దమ్మ గేదెకి పెట్టించేది. ఆ గేదె బలిసినంతగా ఊళ్లో ఇంకేదీ బలవలేదు.

నేను పెద్దబడికి వెళ్లే రోజులకి చిన్నబడి నిండా రూతులే. మాస్టారు పేరు పిలిస్తే అయిదు గొంతులు ఒక్కసారి పలికేవి. ఆయన విసిగిపోయి పెద్ద రూతు, నల్ల రూతు, పనసచెట్టు రూతు, గంపల రూతు అని విడగొట్టుకున్నారు. మా చెల్లి తవుడు రూతు. మొదటి రూతు కాబట్టి ఆ పేరు తనకే దక్కింది, దానికి దెబ్బలాటలు కూడా అయ్యాయి. ఏ రూతు ఇంట్లోనూ దేవుడి పటం మారలేదు. నాగులచవితికి రూతులంతా వరసగా పుట్టలో పాలు పోసేవారు.

ఒకసారి చెల్లికి కులం సర్టిఫికెట్టు కావాల్సి వచ్చి నాన్నమ్మా నేనూ టెక్కలి ఆఫీసుకి తీసుకెళ్లాం. గుమాస్తా మంచివాడే. కాగితం చూసి, "పేరు ఇలా ఉంది, మీరు మతం మారారా అమ్మా?" అని అడిగాడు.

నాన్నమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "నా పేరు తవుడు మీద పెట్టారు బాబూ. నాను తవుడినేటి? ఇది మతం పేరు కాదు. దీన్ని అమ్మినోల పేరు."

దీన్ని అమ్మినవాళ్లు అనేసరికి ఆయన కంగారుపడి కుర్చీలోంచి లేచాడు. మొత్తం కథ చెప్పి బయటపడేసరికి మధ్యాహ్నం బస్సు పోయింది. నాన్నమ్మ బస్టాండులో బజ్జీలు కొనిపెట్టి, "ఆ బాబుకి చదువుంది గాని లోకం తెల్దు పాపం" అంది.

కొన్నేళ్లకి సిస్టరమ్మకి బదిలీ అయింది. వెళ్లే రోజున రూతులంతా వరసగా నిలబడ్డారు, పాలపళ్లు ఊడినవాళ్లు కొందరు, చంకల్లో ఉన్నవాళ్లు కొందరు. ఆవిడ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవలేక నవ్వింది. అందరిదీ తన పేరే మరి. ఆటో ఎక్కబోతూ నాన్నమ్మతో అంది. "మామ్మా, ఇంకెన్నాళ్లు పెడతారు ఈ పేరు? భయంతో పెట్టే పేరిది. దీని అవసరం లేని రోజు రావాలి మీకు."

నాన్నమ్మకి ఆ మాట నచ్చలేదు. ఆవిడ వెళ్లాక చాలాసేపు అరుగు మీద కూర్చుని జీడిపప్పు పొట్టు తీస్తూ ఉంది. నేను పక్కన కూర్చున్నాను. ఉన్నట్టుండి అంది. "ఓలే, ఆ బియ్యం డబ్బా ఎనకాల గౌను నానే కాల్చీసాను."

నేను తల దించుకున్నాను.

"ఆ రోజే సూసాను మరక. నిన్ను కొడదామనుకున్నాను. పిల్ల నెల దాటితే కొట్టకూడదనుకున్నాను." పొట్టు ఊదేసి మళ్లీ అంది. "నువ్వు జీడిపళ్లకి పోబట్టి సరిపోనాది. మీ పెద్దమ్మ ఎత్తుకునుంటే తవుడు తీసుకుని అమ్మీసునే గదా. సూది అడుగునేటి?"

ఆ తర్వాత ఆవిడ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు ఆవిడ లేదు. ఆ పెరట్లో పెంటకుప్ప కూడా లేదు, అక్కడ మోటారు గది ఉంది. రూతులు పెళ్లిళ్లై సోంపేటకీ, ఇచ్ఛాపురానికీ, ఇంకా ఎక్కడెక్కడికో వెళ్లిపోయారు. పలాస స్టేషన్లో ఎవరైనా రూతూ అని కేకేస్తే నలుగురు తల తిప్పుతారు, ఒకరినొకరు చూసుకుని ఏ ఊరని అడగక్కర్లేకుండానే నవ్వుకుంటారు. ఆ పేరు కొత్తగా పెట్టినవాళ్లు మాత్రం మా ఊళ్లో పదేళ్లుగా లేరు. ఫోను చెప్పింది నిజమే. వాడుక తగ్గిపోయింది.

నేను ఇదంతా చెప్పేసరికి వంటింట్లో కాయం నూరే చప్పుడు ఆగిపోయింది. ముందు చెల్లే తేరుకుంది. "అయితే నాకు పేరెట్టింది సిస్టరమ్మ కాదు, నాన్నమ్మా కాదు. నీ కక్కుర్తి" అంది. అని, నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

తనే సిస్టరమ్మకి ఫోన్ కలిపింది. ఆవిడ రిటైరై టెక్కలిలోనే ఉంది. చెవి సరిగా వినపడదు, అందుకని స్పీకర్లో పెట్టి అరుస్తూ మాట్లాడాలి.

"ఆడపిల్ల పుట్టింది సిస్టరమ్మా!"

"బరువెంత?" మొదటి మాటే అది.

"మూడుంపావు!"

"మూడుంపావు" అని అటు నుంచి ఆవిడ తనలో తాను అనుకుంది. "నువ్వు రెండు కూడా లేవే."

"నీ పేరు పెట్టనా?"

"నా పేరెందుకే ఇప్పుడు? నాది దొరికిన పిల్లల పేరు. నువ్వు ధైర్యంగా కన్నావు. నీకు నచ్చింది పెట్టుకో." గొంతు మార్చి, అప్పటి సూదులమ్మలా గద్దించింది. "ఇంతకీ ఎవరిదమ్మా ఆ పిల్ల?"

చెల్లి జవాబు చెప్పబోయింది. ఈలోగా వంటింట్లోంచి అమ్మ వచ్చింది, చేతులకి కాయం అంటుకునే ఉంది. చెల్లి చేతిలో ఫోను మీదకి వంగి, ఇన్నేళ్లుగా గొంతులో ఉండిపోయిన మాటని వీధిలోకి వినపడేలా చెప్పింది.

"మాదే సిస్టరమ్మా. మా పిల్లే."